ఎన్ని గంటలున్నయ్ అని ముందు అడిగే చాచా

గురువారం పొద్దున మా గల్లీ చాచా పోయాడు. సుబేదారిలో నేను పనిచేసే జిరాక్స్ సెంటర్ షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ మోగింది. చాచీ. "పోయిండు బేటా" అంది, అంతే. సగం లేచిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికి పోయాను, మళ్లీ బయటికొచ్చాను. ఎందుకు పోయానో, ఎందుకొచ్చానో తెలియదు. ఇప్పటికీ అదే తీరు. ఈ నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నప్పటి నుంచి ఆరుసార్లు లేచాను.

ఆయన మీకు తెలియకపోవచ్చు. పోయిన సంగతి పేపర్లో వేయలేదు. కానీ మీరు ఎప్పుడైనా మొదటిసారి వరంగల్ స్టేషన్లో దిగి, బయటికొచ్చి, "ఇక్కడ చూడాల్సినవి ఏమున్నాయి?" అని ఆటోల వైపు చూసి ఉంటే, అందులో ఒకాయన మీ మొహం కాకుండా మీ చెప్పుల వైపు చూసి ఉంటే, ఆయనే.

చాచా ముప్పై ఏళ్లు ఆటో నడిపాడు. మిగతావాళ్లు ట్రైన్ దిగినవాళ్లను చుట్టుముట్టి వేయిస్తంభాల గుడి, భద్రకాళి, ఖిల్లా, జూ పార్కు అని ఒకే ఊపిరిలో చదివేవాళ్లు. చాచా హ్యాండిల్ మీద మోచేయి పెట్టి మూడు ప్రశ్నలు అడిగేవాడు. "ఎన్ని గంటలున్నయ్? కాళ్లు మంచిగున్నయా? పొద్దుగాల ఏమన్న తిన్నరా?" జవాబులు విన్నాక ఒకటో రెండో చోట్లు చెప్పేవాడు. మూడు చెప్పడం నేను చాలా తక్కువసార్లు విన్నాను.

ఒకసారి కొత్తగా పెళ్లయిన జంట దిగింది. ఆ రోజు నేనూ స్టాండ్ దగ్గరే ఉన్నాను. పెళ్లికొడుకు చేతిలో కాగితం. రామప్ప, లక్నవరం, పాలకుర్తి, ఖిల్లా, గుడి, చెరువు. సాయంత్రం ఆరింటికి మళ్లీ ట్రైనట. చాచా కాగితం తీసుకుని శ్రద్ధగా చదివి తిరిగిచ్చాడు.

"సార్, మీరు చూడవోతాన్నరా, హాజరు ఏసుకోవోతాన్నరా?"

పెళ్లికూతురు పక్కుమని నవ్వింది. పెళ్లికొడుక్కు కోపమొచ్చింది. "అంటే ఏంటండీ?"

"కోపం కాదు సార్. రామప్పకు పోయి వచ్చుడే సగం రోజు. దార్ల మీరు నిద్రపోతరు, మేడమ్ ఒక్కతే చెట్లు చూస్కుంట కూసుంటది. ఇయ్యాల గుడి చూడుర్రి, పొద్దుగూకితే చెరువు కట్ట మీద కూసోర్రి. రామప్ప యాడికి పారిపోదు. మళ్ల రార్రి, పిల్లలతోని."

పిల్లలతోని అనేసరికి పెళ్లికొడుకు కోపం ఎటుపోయిందో. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఎక్కాడు.

చాచాకు ఊరు గంటల లెక్కన తెలుసు. ఎండాకాలం పన్నెండు దాటితే వేయిస్తంభాల గుడికి ఎవరినీ తీసుకుపోయేవాడు కాదు. "చెప్పులిడ్సి ఆ బండ మీద నిలవడ్డోడు శిల్పం చూస్తడా? తన కాళ్లు చూస్కుంటడు" అనేవాడు. ఖిల్లా నాలుగు తర్వాతే. ముసలివాళ్లయితే గుట్ట ఎక్కనిచ్చేవాడు కాదు, కింద నిలబెట్టి చేయెత్తి చూపేవాడు. చంటిపిల్ల ఉన్న తల్లులను ముందు హోటల్‌కు తీసుకుపోయి పాలు తాగించుకునే దాకా బయట కూర్చునేవాడు. ఇదంతా నేను చూస్తూనే పెరిగాను. చూసి నేర్చుకున్నానా అంటే, లేదు. నాకు అదంతా చాదస్తంలా కనిపించేది.

ఎందుకంటే నాకు వేరే చదువు మొదలైంది. మా సెంటర్‌కు కరపత్రాలు వస్తాయి. బీడీ కార్మికులవి, హమాలీలవి, విద్యార్థులవి. కట్టలు కడుతూ చదివాను. చదివినకొద్దీ కోపం పెరిగింది. ఇన్నేళ్లు మాకు బడిలో చెప్పింది ఎవరి చరిత్ర? రాజు తవ్వించాడు, రాణి కట్టించింది. ఆ తవ్విన చేయి ఎక్కడ, ఆ మోసిన భుజం ఎక్కడ? నేను ఇప్పటికీ ఆ ప్రశ్న వదల్లేదు, వదలను. మేం ఐదుగురం కలిసి ఈ ఎండాకాలం ఒక కరపత్రం వేశాం. రాసింది నేనే. "ఈ రాళ్లు ఎవరు మోశారు?" అని పేరు. మొదటిసారి వరంగల్ వచ్చేవాళ్లు నిజంగా చూడాల్సినవి అని పదకొండు చోట్లు రాశాను. మూతబడ్డ మిల్లు, మార్కెట్ యార్డులో హమాలీల షెడ్డు, కొత్తవాడ మగ్గాలు, అట్లా. రాజుల చోట్లు ఒక్కటీ లేవు.

మొదటి కాపీ చాచాకే ఇచ్చాను. ఆటోలో కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని, రెండు వైపులా చదివాడు. చాలాసేపు.

"మంచిగ రాసినవ్ బేటా. అక్షరాలు జర చిన్నగున్నయ్."

"అది కాదు చాచా, లోపల విషయం ఎట్లున్నది?"

"పదకొండున్నయ్. తినేదెప్పుడు?"

నాకు ఎక్కడో కాలింది. ఆ వారమే గుంటూరు వైపు నుంచి ఐదుగురు విద్యార్థులు వస్తున్నారు, మా కరపత్రం ఫోన్లో చదివి. మొదటిసారి రాక. వాళ్లను తన ఆటోలో ఈ పదకొండు చోట్లకూ తిప్పమని అడిగాను. చాచా తల అడ్డంగా ఊపాడు. మే నెల ఎండ, ఒక్కరోజు, పదకొండు చోట్లు. "రెండు తీయి. ఏవి తీస్తవో నువ్వే చెప్పు, తిప్పుత" అన్నాడు.

అప్పుడు నేను అన్న మాట ఇక్కడ రాయకపోతే ఈ రాతకు అర్థమే లేదు. స్టాండ్‌లో, పది మంది ఆటోవాళ్ల ముందు, గొంతు పెంచి అన్నాను. "ముప్పై ఏండ్ల సంది నువ్వు రాజులకు బంట్రోతు పని చేస్తాన్నవ్ చాచా. వాళ్ల కోట, వాళ్ల గుడి, వాళ్ల చెరువు. మోసినోళ్ల గురించి ఒక్కలకన్న ఒక్క మాట చెప్పినవా?"

ఎవరో వెనక నుంచి నవ్వారు. చాచా కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "సరే బేటా. నువ్వే తీస్కపో" అన్నాడు. గొంతులో కోపం లేదు. అది ఇంకా మండించింది.

తీసుకుపోయాను. కాలినడకన, షేర్ ఆటోల్లో. మూడో చోటుకే పన్నెండయింది. అది కొత్తవాడ. ఒక ఇంటి గుమ్మం తెరిచి ఉంది, లోపల పెద్దాయన మగ్గం మీద జంపఖానా నేస్తున్నాడు. చెప్పులు విడిచి ఐదుగురినీ లోపలికి తోలాను. మొదలుపెట్టాను. ఈ శ్రమజీవి వేళ్లు చూడండి, ఈ శ్రమజీవి వెన్ను చూడండి, ఈ శ్రమజీవికి దక్కుతున్నదేమిటి. ఒకబ్బాయి ఫోన్ తీసి రికార్డు చేస్తున్నాడు. మగ్గం చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. పెద్దాయన తల వంచుకుని కూర్చున్నాడు.

వంటింట్లో నుంచి ఆయన భార్య తడి చేతులతో వచ్చింది.

"ఎవలయ్యా మీరు? చెప్పులిడ్సి వచ్చిన్రు, మంచిదే. మా ఆయన పేరడిగినవా? అప్పటిసంది శ్రమజీవి, శ్రమజీవి అంటాన్నవ్. ఆయనకు పేరు లేదా? మేమేమన్న జూల పులులమా, గట్ల వేలు పెట్టి చూపియ్యవడితివి?"

చాచిన వేలు వెనక్కి తీసుకున్నాను. పిల్లాడు ఫోన్ దించేశాడు. అదే సమయానికి వాళ్లలో ఒకమ్మాయి గోడకు ఆనుకుని కూలబడింది. పొద్దున్నించి ఏమీ తినలేదట. నేను అడగలేదు. ఆటో కావాలి. నాకు తెలిసిన నంబర్ ఒక్కటే.

చాచా పది నిమిషాల్లో వచ్చాడు. నా వైపు చూడలేదు. గడప మీదే కూర్చున్నాడు. "చెల్లె, జర మంచినీళ్లియ్యవా. గీ పిల్లలు పొద్దటిసంది ఎండల తిరుగుతాన్లు" అన్నాడు. ఆమె నీళ్లతో పాటు బెల్లం ముక్క కూడా తెచ్చింది. చాచా పెద్దాయన పేరడిగాడు, ఊరడిగాడు, అత్తగారిల్లు ఎక్కడో అడిగాడు. తర్వాత ఐదుగురి పేర్లూ ఒక్కొక్కటీ అడిగి, "ఈ బిడ్డ తండ్రి టైలరట, ఈ పిలగాని అమ్మ అంగన్‌వాడీ టీచరట" అని వాళ్లిద్దరికీ పరిచయం చేశాడు. పొద్దున్నించి వాళ్లతో తిరుగుతున్నాను. అందులో ఇద్దరి పేర్లు నాకు అప్పుడే తెలిశాయి. కాసేపటికి పెద్దాయనే లేచి, టైలర్ కూతురిని పిలిచి, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె చేతికిచ్చి, రంగు ఎక్కడ మారుతుందో చూపించాడు. ఆ పిల్ల అడ్డదిడ్డంగా వేస్తే ఆయన భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

సాయంత్రం చాచా వాళ్లను ఖిల్లాకు తీసుకుపోయాడు. నేనూ వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్నాను. తోరణాల దగ్గర ఫోటోలయ్యాక, "ఇంకొకటున్నది, జర నడవాలె" అని గోడ పక్కన రాతి వాలు మీదికి తీసుకుపోయాడు. ఒక పెద్ద బండ. దాని మీద ఒకే వరసలో గుంటలు, నాలుగు వేళ్లు పట్టేటంత. రాయిని చీల్చడానికి ఉలితో కొట్టినవి. తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదోది సగం లోతే.

"వేలు పెట్టు బిడ్డ" అన్నాడు టైలర్ కూతురితో. "గిది కొట్టినాయన పేరు ఎవలకు తెల్వది. తొమ్మిదోది సగం కొట్టి ఎందుకు ఆపిండో గది గూడ తెల్వది. బువ్వకు పిలిచిన్రో, పాణం బాగలేదో, ఇంటికాడ పిల్ల పుట్టిందో. ఆ దినం గిట్ల ఆపి పోయినోడు మళ్ల రాలే."

"ఇది అందరికీ చూపిస్తారా అంకుల్?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ముప్పై ఏండ్ల సంది. నేను తెచ్చినోళ్లల్ల నడవగలిగినోళ్లందరు గీ గుంటల వేలు పెట్టి పోయిన్లు. చూడు, అంచు నున్నగైంది."

ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను అక్కడే ఆ బండ కింద దూరేవాణ్ని. పుట్టినప్పటి నుంచి ఆయన పక్కింట్లో ఉండి, ఆయన స్టాండ్‌లో అడిగే ప్రశ్నలు విన్నానే తప్ప, ఒక్కసారి కూడా ఆయన ఆటోలో చివరి దాకా పోలేదు. పోకుండానే బంట్రోతు అన్నాను.

క్షమించమని అడగాలి. చిన్న మాట. ఆ సాయంత్రం అడగలేదు. మర్నాడు అడుగుదామనుకున్నాను. తర్వాత తప్పించుకు తిరగడం మొదలుపెట్టాను. ఆయన ఆటో గల్లీలోకి వచ్చే వేళకు నేను ఇంట్లో ఉండేవాణ్ని కాదు. సభల్లో మైకు పట్టుకుంటే ఆపలేని నోరు, పక్కింటి గుమ్మం దగ్గర మూతబడిపోయేది. వానాకాలం అట్లాగే గడిచిపోయింది.

పోయిన వారం చాచీ చెప్పింది, దవాఖానలో చేర్చారని. గుండెకు నీరు పట్టిందట. పోయాను. దారిలో అనాల్సిన మాటలు మనసులో పేర్చుకున్నాను. మంచం దగ్గరికి పోయేసరికి కాళ్లు చూశాను. వాచి, మెరుస్తున్నాయి. అందరి కాళ్లూ మంచిగున్నాయా అని అడిగిన మనిషి. పేర్చుకున్నదంతా కూలిపోయింది.

"చాచా, ఆ రోజు నేను..."

"మంచిగైంది, వచ్చినవ్. ఆదివారం ఖాళేనా?"

ఎండాకాలంలో నర్సింగ్ సీటు కోసం ఆసిఫాబాద్ దిక్కు నుంచి ఒకమ్మాయి వచ్చిందట. కాలేజీ దగ్గర దింపితే సర్టిఫికెట్లు ఆటోలోనే మరిచిపోయింది. చాచా ఊరంతా ఆ పిల్లను వెతికి ఇచ్చాడు. ఆ అమ్మాయి వాళ్లమ్మ ఏ పట్నమూ చూడలేదని చెప్పిందట. అమ్మను తోలుకరా, నేను చూపిస్తా అని చాచా మాటిచ్చాడు. ఆదివారం వస్తున్నారు.

"నేను లేవను అప్పటిదాంక. నువ్వు తీస్కపో."

"ఏమేం చూపియ్యాలె చాచా?"

"నాకేం ఎర్క? ఆమెను నేను చూసిన్నా? వచ్చినంక ఆమెనడుగు."

నర్సు వచ్చి బయటికి పొమ్మంది. తలుపు దాకా పోయాక వెనక నుంచి గొంతు. "పదకొండు మాత్రం చూపియ్యకు!" నవ్వుతున్నాడు, దగ్గుతున్నాడు. పక్క మంచం మీదాయన కూడా ఏంటో తెలియకుండానే నవ్వాడు. నేను మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాను. మళ్లీ పోయేసరికి గురువారమైంది.

మట్టి ఇచ్చేటప్పుడు మూడు పిడికిళ్లు వేశాను. అప్పుడు కూడా అనలేకపోయాను. శనివారం మూడో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక చాచీ నన్ను పక్కకు పిలిచింది. "రేపు ఆ అమ్మ వస్తాంది. మీ చాచా మాటిచ్చిండు. నువ్వు పోతవా, వేరేటోళ్లకు చెప్పాల్నా?"

"పోత చాచీ."

"వాళ్ల మీద కోపానికి రాకు మల్ల."

నా మీద ఆమెకున్న నమ్మకం అది. తప్పు పట్టలేను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆయన మాట పోకూడదు, అది నా చేతిలో పోకూడదు.

ఆదివారం పదకొండింటికి దిగారు. నర్సింగ్ అమ్మాయి, వాళ్లమ్మ. ప్లాట్‌ఫారం మీదే చాచా సంగతి చెప్పాను. అమ్మాయి బ్యాగు కింద పెట్టి అట్లాగే నిలబడిపోయింది. తల్లికి అర్థమయ్యేసరికి కొంచెంసేపు పట్టింది. "అయ్యో, నాకు మాటిచ్చి పోయిండా మారాజు" అని, చూడని మనిషి కోసం కళ్లు తుడుచుకుంది.

చాచా దోస్తు ఒకాయన ఆటో పెట్టాడు. అమ్మాయి ఫోన్ తీసింది. తొమ్మిది చోట్ల పేర్లు. "అన్నా, అమ్మకు మూడున్నరకు ట్రైనుంది. జల్ది జల్ది పోతే అన్నీ అయితయి."

నేను తల్లి వైపు తిరిగాను. "అమ్మా, కాళ్లు మంచిగున్నయా? ఏమన్న తిన్నవా?"

"తిన్న బిడ్డా, సద్ది తెచ్చుకున్న. మోకాళ్లే నొస్తయి. లైన్ల నిలవడుడు నాతోని కాదు. ఒక్కటి చూపియ్యి, కండ్ల నిండ చూస్త."

ఒక్కటి. గుంటల బండ చూపించాలని నా ప్రాణం కొట్టుకుంది. కానీ ఆ మోకాళ్లతో ఆ వాలు ఎక్కడం ఆమె వల్ల కాదు. చలికాలం, ఎండ లేదు. ఆటో ఆగిన చోటి నుంచే కనిపిస్తుంది కనుక ఖిల్లా అన్నాను.

"ఒక్క ఖిల్లానేనా?" అమ్మాయి గొంతు లేచింది. "గంత దూరం నుంచి వస్తే? ఆ చాచా అయితే గిట్ల చేయకపోతుండె. నీకు తెలిసిందే ఒక్కటా అన్నా?"

ఇది మామూలు రోజైతే నేను నాలుగు అనేవాణ్ని. ఆటో రాడ్డు పట్టుకుని ఊరుకున్నాను. పిడికిలి నొప్పి పుట్టింది.

రాతి దర్వాజా దాటి లోపలికి పోతుంటే తల్లి "ఆపు ఆపు" అంది. కోట లోపల ఊరుంది, చేన్లున్నాయి. గోడ పక్కన పత్తి చేను, విచ్చుకుని ఉంది. నలుగురు ఆడవాళ్లు ఏరుతున్నారు. ఆమె దిగింది. చెప్పులు గట్టు మీద విడిచి, "ఎవలదమ్మా చేను? ఎన్నో ఏరుడిది?" అని అడుగుతూ చాళ్లలోకి నడిచింది.

"మాదేనమ్మా, రెండోది. ఏ ఊరు మీది?"

"ఆసిఫాబాద్ దిక్కు. మాకు ఈయేడు పురుగు పడ్డది."

"ఎక్కడ వడలేదు తల్లీ, ఈడ గూడ అదే కథ."

ఆమె కొంగు నడుముకు ఒడిలా కట్టుకుంది. ఒక కాయ గిల్లింది, రెండోది గిల్లింది. మోకాళ్ల నొప్పి ఎటుపోయిందో. వాళ్లతో పాటు చాలు పట్టుకుని సాగిపోయింది.

నా నోటి నిండా మాటలు. ఈ నేల ఎవరిది, ఈ గోడ ఎవరు లేపారు, ఈ చేతులకు దక్కేదెంత. పళ్లు బిగపట్టి గట్టు మీద నిలబడ్డాను. అమ్మాయి టైము చూస్తూ అటూ ఇటూ తిరుగుతోంది. "అన్నా, తోరణాలు ఇంకా లోపల్నే ఉన్నయి. అమ్మకు జర చెప్పరాదు?"

"ఉండనీ చెల్లె" అన్నాను. "మనకింక రెండు గంటలున్నయ్."

తల్లి నడుం పట్టుకుని ఒకసారి లేచింది. తలెత్తి కోట గోడను, గోడ మీద దూరంగా కనబడే తోరణం కొమ్మును చూసింది. "మస్తు పెద్దగున్నదే" అని పక్కామెతో అని, మళ్లీ వంగింది. ఆ నల్లని రాళ్ల గోడ కింద ఐదుగురు ఆడవాళ్లు ఒక్క వరసలో మెల్లగా జరుగుతున్నారు. అందులో ఆమె ఎవరో ఇక్కడి నుంచి నాకు తెలియడం లేదు. ఐదు ఒడులు తెల్లగా నిండుతున్నాయి.